మూడోమెట్టు పాఠకుడు

ఆ బడిలో భాష చెప్పే పెద్ద టీచరమ్మకి శుక్రవారం ఆఖరి పీరియడంటే ప్రాణం. ఇరవై రెండేళ్ళుగా ఆ నలభై నిమిషాలూ ఆవిడ సొంతం. వరండాలో మంచినీళ్ళ కుళాయిల ఎదురుగా గోడకి ఒక చెక్కబోర్డు ఉంది. పిల్లలు రాసిన కథల్లోంచి నాలుగు ఏరి ప్రతి శుక్రవారం దాని మీద అంటించేవారు. ఏరేది ఆవిడే, దిద్దేది ఆవిడే, దస్తూరీ బాగున్న పిల్లని కూర్చోబెట్టి తెల్లకాగితం మీద మళ్ళీ రాయించేది ఆవిడే. దిద్దడంలో ఆవిడ చేతికి మొహమాటం లేదు. పది వాక్యాల కథ ఆవిడ చేతిలోంచి బయటపడేసరికి పిల్లవాడివి మూడు మిగిలితే గొప్ప. అందుకే పిల్లలు చాటున ఆవిడని 'ఎర్రసిరా' అనేవారు. ఆ మాట ఆవిడ చెవినా పడింది. పడి, కోపం రాకపోగా కాస్త మురిసింది కూడా.

అలాంటి పీరియడుకి ఎసరు పెట్టింది ఎవరో పైవాళ్ళయితే ఇంత బాధ ఉండేది కాదు. పెట్టింది సొంత తోడికోడలు.

తోడికోడలు అదే బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. చేరి రెండేళ్ళయింది. బడిలో అందరూ ఆమెని చిన్న టీచరమ్మ అంటారు. ఇంట్లోనూ చిన్నదే. కింద వాటాలో అన్నగారి సంసారం, పై వాటాలో తమ్ముడి సంసారం, వంట ఒక్కటే, పెరట్లోంచి పైకి పోయే మెట్లు ఒక్కటే. పగవాళ్ళు బయట ఉంటే ఇంటికొచ్చి తలుపేసుకోవచ్చు. పగ మన గిన్నెలోనే వడ్డించుకుని మన ఎదురుగానే తింటూ "అక్కయ్యా, కొంచెం ఉప్పు ఇటివ్వండి" అంటుంటే ఎవరికి చెప్పుకుంటాం?

చిన్న టీచరమ్మ పెట్టినది 'కథలగది' అని ఇంటర్నెట్‌లో ఒక పేజీ. పిల్లలు మారుపేర్లతో అందులో కథ రాసి పెడతారు; ఏ పేరు ఎవరిదో బడిలో మాత్రం అందరికీ తెలుసు. ఇళ్ళల్లోవాళ్ళు, తెలిసినవాళ్ళు చదివి కింద ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలు ముందు చిన్న టీచరమ్మ చూసి వదిలితేనే పైకి కనిపిస్తాయి. టీచర్లు మాత్రం ఒక్క అక్షరం దిద్దకూడదు. మూడు ప్రశ్నలకి జవాబు దొరికేలా పిల్ల కథని తిరిగి రాయాలి. రాసి, తన గొంతుతో చదివి, తను గీసిన బొమ్మలు గానీ తీసిన ఫోటోలు గానీ నాలుగు చేర్చి పైకెక్కించాలి. పాత ప్రతులు చెరిపెయ్యరు. కిందే వరసగా ఉంటాయి.

"దిద్దకపోతే తప్పులెలా పోతాయే?" అని మొదటి రోజే అడిగింది పెద్ద టీచరమ్మ.

"చదివి రికార్డు చేసుకుంటారుగా అక్కయ్యా. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ తప్పున్నట్టు. వాళ్ళే ఆగి, వాళ్ళే వెతుక్కుంటారు."

"ఓహో. అయితే ఇన్నాళ్ళూ నేను పనిలేక గీతలు గీశానన్నమాట."

"అయ్యో, నేనలా అన్నానా!"

అనలేదు. అనలేదు కాబట్టే ఇంకా మండింది.

నెల తిరిగేసరికి హెడ్మాస్టరు గారు ఇద్దరినీ పిలిపించారు. ఆయన ఎవరినీ నొప్పించని మనిషి. నొప్పించకుండా ఉండటం కోసం అన్నిటినీ టర్ము చివరికి వాయిదా వేస్తారు. "వారానికి ఉన్నది ఒక్క ఖాళీ పీరియడు," అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "బోర్డుకి ఒకరు అడుగుతున్నారు, పేజీకి ఒకరు అడుగుతున్నారు. టర్ము చివర పిల్లల రాత చూస్తాను. దేనివల్ల పిల్లలకి భాష వస్తోందో దానికే శుక్రవారం ఆఖరి పీరియడు. ఏమంటారు?"

ఇద్దరూ సరేనన్నారు. ఒకే గొడుగు కింద ఇంటికి నడిచారు. ఆ గొడుగు పట్టుకున్నది చిన్నది, తడిసింది కూడా చిన్నదే. అదీ పెద్దావిడకి కంటగింపుగానే ఉంది. మంచితనం కూడా ఎంత తెలివిగా చేస్తుందో చూడు!

దైవభక్తి ఉన్న మనిషి పెద్ద టీచరమ్మ. రోజూ బడికి బయల్దేరే ముందు కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు నిలబడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ అడిగేది ఒకటే: "తండ్రీ, ఈ పిల్లలకి నాలుగు మాటలు సొంతంగా రాయడం వచ్చేలా చూడు." ఆ వారం కూడా అదే అడిగింది. అడిగి కళ్ళు తెరవబోతూ, "నా చేత," అని చేర్చింది. చేర్చాక కొంచెం సిగ్గేసింది గానీ వెనక్కి తీసుకోలేదు.

పేజీలో తప్పులు లెక్కలేనన్ని ఉంటాయని ఆవిడకి ఖాయంగా తెలుసు. వాటిని పదిమంది ఎదుటా వేలెత్తి చూపిస్తే చాలు, హెడ్మాస్టరు గారి కళ్ళు అవే తెరుచుకుంటాయి. కానీ టీచర్లు దిద్దకూడదు. సరే, పాఠకులు అడగొచ్చు కదా?

బస్ డిపోలో టైమ్ కీపరుగా చేసే భర్త దగ్గర ఒక పాత ఫోను ఉంది. ఒక సాయంత్రం దాన్ని కొంగు చాటున పెట్టుకుని ఆవిడ పెరటి మెట్ల మీదికి చేరింది. వంటింటి కిటికీలోంచి కనబడకుండా, వెలుతురు చాలేలా ఉన్న చోటు కింద నుంచి మూడో మెట్టు. అక్కడ కూర్చుని పేజీ తెరిచింది. మీ పేరేమిటని అడిగింది పేజీ. సొంత పేరు పెట్టకూడదు. చటుక్కున ఇంకో పేరు తట్టదు. దొంగపనికి కొత్తవాళ్ళు ఎప్పుడూ ఇలాంటి చోటే తడబడతారు. ఎటో చూస్తూ, తను కూర్చున్నదేదో అదే కొట్టింది: మూడోమెట్టు.

మొదటి కథ ఒక ఏడో తరగతి పిల్లవాడిది. వానలో తప్పిపోయిన కుక్కపిల్ల గురించి. పెద్ద టీచరమ్మ వేళ్ళు చురుగ్గా కదిలాయి: 'వానలో తప్పిపోయిందన్నావు. రెండో వాక్యంలో ఎండకి దాని బొచ్చు మెరిసిందన్నావు. ఏది నమ్మమంటావు?'

పంపించి, చీమలపుట్టలో వేడినీళ్ళు పోసినంత సంతోషంగా లోపలికి వెళ్ళింది. రేపు పిల్లవాడి మొహం చూడాలి!

మర్నాడు సాయంత్రానికి జవాబు వచ్చింది. 'రెండూ నిజమేనండి! ఎండా వానా కలిసే వచ్చాయి. రాయడం మరిచిపోయాను. మీరు భలే పట్టుకున్నారు.' దాని కింద కథ రెండో ప్రతి. అందులో కొత్త వాక్యం: 'ఎండలో వాన పడుతుంటే మా కుక్కపిల్ల ఎటు వెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడింది.'

ఆవిడ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవకుండా ఫోను మూసేసింది. వాడి నోటుబుక్కులో ఎన్నో ఎర్రగీతలు గీసింది తను. ఇలాంటి వాక్యం ఒక్కటీ ఇవ్వలేదు వాడు. ఇంకో చోట, ఇంకెవరికో ఇచ్చాడు!

ఆ ఇంకెవరో తనే అని తోచడానికి కొంచెం సేపు పట్టింది. తోచినా మంట తగ్గలేదు.

మర్నాడు ఇంకొంచెం కటువుగా అడిగింది. ఆ మర్నాడు ఇంకా. 'మీ అక్క కోపంగా ఉందన్నావు. కోపం వస్తే ఆవిడ ఏ సామాను ఎత్తి కుదేస్తుంది?' 'బస్సు తప్పిపోయిందన్నావు సరే, అప్పుడు నీ చేతిలో ఏముంది?' 'చివరికి అందరూ సంతోషించారని రాశావు. ఒక్కరైనా సంతోషించనివాళ్ళు ఉండే ఉంటారు. ఎవరు?' ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న కన్ను, ఎక్కడ బోలుగా ఉందో అక్కడే గుచ్చేది. పిల్లలు గుచ్చిన చోట కుంగిపోతారనుకుంది. వాళ్ళు అక్కడే తవ్వడం మొదలెట్టారు. రెండు ప్రతులు మూడయ్యాయి, మూడు అయిదయ్యాయి.

మూడు వారాలకల్లా కుళాయిల దగ్గర ఇదే ముచ్చట.

"ఒరేయ్, తాతయ్య నీ కథకి వచ్చాడా?"

"నిన్ననే వచ్చాడు. నా పడవకి చిల్లు ఎక్కడుందని అడిగాడ్రా. నేను ఎక్కడైతే ఏంటనుకున్నాను. తీరా చూస్తే చిల్లు పైన పెట్టాను. నీళ్ళు ఎలా వస్తాయి!"

మూడోమెట్టు వాళ్ళకి తాతయ్య అయిపోయాడు. ఎవరు చూశారని? అంత సూటిగా, అంత తీరిగ్గా అడిగేది తాతయ్యలేనట. ఒక పిల్ల ఆయన బొమ్మ కూడా గీసి పేజీలో పెట్టింది: బట్టతల, చేతికర్ర, గుబురు మీసాలు. ఆ పక్కనే బోర్డు మీద పెద్ద టీచరమ్మ కొత్తగా అంటించిన నాలుగు కథలు గాలికి రెపరెపలాడుతున్నాయి. ఎవడూ తలెత్తి చూడలేదు. ఆవిడ నీళ్ళసీసా నింపుకుంటున్నట్టు నటిస్తూ నిలబడింది, సీసా ఎప్పుడో నిండి పొర్లుతోంది.

రాత్రి భోజనాల దగ్గర చిన్న టీచరమ్మది అదే పాట.

"ఆ మూడోమెట్టు ఎవరో గానీ అక్కయ్యా, చేతులెత్తి మొక్కాలి. నేను ఎన్ని రోజులు మొత్తుకున్నా కదలని పిల్లలు ఆయన ఒక్క ప్రశ్నకి కదులుతున్నారు."

"ఏముందే అందులో? గుచ్చి గుచ్చి అడగడం ఎవరికి రాదు?" అంది పెద్దావిడ.

"నాకు రాదండీ."

"చదువుకున్నవాడే అయి ఉంటాడు," అన్నాడు ఆవిడ భర్త ముద్ద మింగి. "మీసాలు చూశావుగా. అన్నట్టు, నా పాత ఫోను రోజూ సాయంత్రానికి చచ్చిపోయి ఉంటోందేమిటి?"

"పాతది కదండీ. ముసలిదైపోయింది," అంది ఆవిడ గబగబా.

"పాపం, తాతయ్యే మరి," అన్నాడాయన. చిన్న టీచరమ్మకి పొలమారింది. నీళ్ళ గ్లాసు అందించి వీపు తట్టాల్సి వచ్చింది.

పొగడ్త తనదే. పుచ్చుకోవడానికి లేదు. కళ్ళెదుట విస్తరి వేసి వడ్డించి, తిననివ్వకుండా చేతులు కట్టేసినట్టుంది ఆవిడకి. ఇదివరకు తోడికోడలంటే ఒక్కతే. ఇప్పుడు మీసాల తాతయ్య కూడా తయారయ్యాడు. లేని మనిషి మీద కుళ్ళుకోవడం ఏమిటని తనని తను కసురుకుంది. కసురుకుంటే పోయేదైతే లోకంలో అసూయే ఉండేది కాదు.

ఇక ఆ పిల్ల సంగతి.

తొమ్మిదో తరగతిలో, కిటికీ వైపు చివరి బల్ల. పెద్ద టీచరమ్మ ఆ పిల్లకి ఆరో తరగతిలోనే 'మాటల పిసినారి' అని పేరు పెట్టింది. ఏమి రాయమన్నా మూడు లైన్లు. హాజరు పిలిస్తే "ఉన్నాను టీచర్". అంతకు మించి ఆ గొంతు ఆవిడ వినలేదు. ఆ పిల్ల తండ్రి తాళాలు బాగుచేస్తాడు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు పిలిస్తే వెళ్ళి తీసిపెడతాడు.

పేజీలోనూ ఆ పిల్ల కథ మూడు లైన్లే. 'మా నాన్న తాళాలు తీస్తాడు. చెవులు పోయినవాళ్ళు పిలుస్తారు. మా నాన్న వెళ్ళి తీస్తాడు.' దాని కింద చిన్న టీచరమ్మ అడిగిన ప్రశ్న రెండు వారాలుగా పడి ఉంది: 'చాలా బాగుంది. ఇంకొంచెం వివరంగా రాస్తావా?' జవాబు లేదు.

అది చూసి పెద్ద టీచరమ్మకి మొదటిసారి హాయిగా అనిపించింది. 'ఇది నీవల్ల కాదులే' అనుకుంది తోడికోడల్ని ఉద్దేశించి. తనవల్లా కాలేదన్నది వేరే సంగతి. ఊరికే ఉండలేక తను కూడా ఒకటి అడిగింది: 'తాళం ఊడాక ముందుగా లోపలికి వెళ్ళేది ఎవరు? మీ నాన్నా, ఇంటివాళ్ళా?'

నాలుగు రోజులు ఏమీ రాలేదు. అయిదో రోజు వచ్చింది.

'నాకు తెలియదు. అందుకని ఆదివారం నాన్నతో వెళ్ళి చూశాను. తాళం ఊడితే నాన్న చేతికి తెలుస్తుంది. అప్పుడు చెయ్యి తీసేస్తాడు. తలుపు తొయ్యడు. పక్కకి జరిగి వీధి వైపు తిరిగి నిలబడతాడు. ఇంటివాళ్ళే తోసుకుని వెళ్తారు. ఎందుకు నాన్నా అని అడిగాను. తాళం తియ్యడమే మన పని, తలుపు వాళ్ళది, లోపల ఎలా ఉందో మనం చూడకూడదు అన్నాడు.'

పెద్ద టీచరమ్మ మెట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి వాసన వచ్చినా లేవలేదు.

మర్నాడు క్లాసులో ఉండబట్టలేకపోయింది. దిద్దడానికి తెరిచిన నోటుబుక్కు చేతిలో పట్టుకునే ఆ పిల్ల బల్ల దగ్గరికి వెళ్ళింది. "పేజీలో మీ నాన్న కథ చదివానే. బాగుంది. ఇంటివాళ్ళు లోపలికి వెళ్ళాక ఏమన్నారు?"

పిల్ల లేచి నిలబడింది. నేల చూపులు చూసింది.

"చెప్పవే. నేనేమైనా కొడతానా?"

ఊహూ. గోళ్ళతో బల్ల అంచు గీరింది. గంట కొట్టేదాకా ఆ గీరుడే జవాబు.

ఆ సాయంత్రం మూడోమెట్టు అవే మాటలతో అదే ప్రశ్న అడిగాడు. తెల్లారేసరికి పేజీ నిండా ఉంది. తాళం పడిపోయిన ఇల్లు ఒక ఒంటరి ముసలాయనదట. లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదట. నాన్న వీధి వైపు తిరిగే, "అయ్యా, అంతా ఉందా?" అని కేకేశాడట. "ఉంది బాబూ, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది" అన్నాడట ముసలాయన. ఆ గొంతు వింటే ఆ ఇంట్లో ఇంకెవరూ లేరని వీపు తిప్పుకున్నా తెలిసిపోయిందట. ఇదంతా ఆ పిల్ల తన గొంతుతో చదివి పెట్టింది. మూడు నిమిషాల పైన. మధ్యలో ఒకచోట తడబడి, ఆగి, "కాదు కాదు" అనుకుని మళ్ళీ చదివింది. ఆ "కాదు కాదు" తీసెయ్యలేదు.

పెద్ద టీచరమ్మ ఆ గొంతుని చెవికి ఆనించుకుని విన్నది. నాలుగేళ్ళుగా తన ఎదుట కూర్చున్న పిల్ల. తనకివ్వని గొంతు ఆ మీసాలవాడికి ఇచ్చింది! ఆ క్షణంలో ఆవిడకి తోడికోడలి మీద కూడా అంత అసూయ లేదు. దుఃఖం వచ్చేంత అసూయ, తన మీద తనకే.

రికార్డింగు కింద పిల్ల ఇంకో రెండు లైన్లు రాసింది. 'తాతయ్యా, ఇదే మా టీచర్ కూడా అడిగారు. నాకు తెలుసు, చెప్పాలనే ఉంది. కానీ ఆవిడ చేతిలో పెన్ను ఉంది.'

ఆ ఉదయం ప్రార్థన రెండు నిమిషాల్లో అవలేదు. "పిల్లలకి మాటలు రావాలని అడిగాను, ఇస్తున్నావు. నా చేతనే ఇమ్మన్నాను, నా చేతనే ఇస్తున్నావు. మరి ఇంత మంటేమిటి తండ్రీ? ఇంకా ఏం చేర్చి అడగాలి నేను?" జవాబు రాలేదు. దేవుడికి కూడా ఒక్కోసారి మూడు లైన్లకి మించి రావేమో అనుకుని, వెంటనే లెంపలేసుకుంది.

టర్ము అయిపోయింది. హెడ్మాస్టరు గారు ఇద్దరినీ పిలిపించి బల్ల మీద కాగితాలు పరిచారు. ఒక వైపు బోర్డు మీద అంటించిన కథలు. ఇంకో వైపు పేజీలోంచి తీసిన ప్రతులు, తాళాల పిల్లవి ఆరు, ఒకదాని కింద ఒకటి. వాటి పక్కన ఆ పిల్ల పరీక్ష పేపరు. మూడు పేజీలు రాసి అదనపు కాగితం అడిగిందట.

"అమ్మా, బోర్డు కథల్లో ఒక్క తప్పు లేదు," అన్నారాయన పెద్ద టీచరమ్మతో. "కానీ నాలుగు కథలూ ఒక్కరే రాసినట్టున్నాయి. ఆ ఒక్కరు మీరు. ఇవి చూడండి. ఇందులో తప్పులున్నాయి, ఈ ప్రతికీ ఆ ప్రతికీ తగ్గుతున్నాయి, పిల్లలూ ఉన్నారు. శుక్రవారం పీరియడు పేజీకే ఇస్తున్నాను. ఏమీ అనుకోకండి."

అనుకోవడానికి ఏముంది? ఆయన ముందుంచిన ఆరు ప్రతుల్లోనూ మలుపు తిప్పిన ప్రశ్నలు తనవే. తన పీరియడుని తనే, ఒక్కో ప్రశ్నా పేర్చి, రోజూ సాయంత్రం మెట్టు మీద కూర్చుని మరీ అప్పజెప్పింది.

"ఒక్క మాట," అన్నారు హెడ్మాస్టరు గారు. "ఆ మూడోమెట్టు ఎవరో కనుక్కోండి. ఒకసారి బడికి పిలుద్దాం. పిల్లలు సంతోషిస్తారు."

"పిలిస్తే రారేమోనండీ," అంది చిన్న టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ. "చాలా మొహమాటస్థులు."

ఆ చూపు అటు తిప్పుకోవడంలోనే ఉంది సంగతంతా. పెద్ద టీచరమ్మకి చెవులు వేడెక్కాయి.

ఇంటికి దారి పొడుగునా ఆవిడే రెండడుగులు ముందు నడిచింది. పెరట్లోకి రాగానే చెప్పులు విడిచి, మెట్ల దగ్గర అడ్డంగా నిలబడింది.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"మొదటి రోజు నుంచీ అక్కయ్యా."

"ఎలా?"

"ఎలా ఏమిటండీ! బట్టలు ఆరేసేటప్పుడు, తీసేటప్పుడు, నీళ్ళకీ, వంటకీ రోజూ సాయంత్రం ఆరుసార్లు మీ మీదుగా దాటుతాను. 'అక్కయ్యా, కొంచెం జరగండి' అంటాను. మీరు ఫోను ఒళ్ళో దాచుకుంటారు. అది ఎన్నో మెట్టో లెక్కపెట్టుకోలేనా?"

పెద్దావిడకి నవ్వు రాబోయింది. రానివ్వలేదు. "మరి అందరి ఎదుటా ఆ పొగడ్తలేమిటి? నన్ను ఆడించడమా?"

"కొంచెం," అంది చిన్నది. "కొంచెం మాత్రం మీకు దక్కాలని. ఇంకెలా ఇవ్వను? మీ పేరు బయటపెడితే మానేస్తారుగా. మీరు పంపినవన్నీ నేనే చూసి వదిలాను. రెండు మాత్రం ఆపాను."

"ఏ రెండు?"

"మీకు తెలుసులెండి. అవి ప్రశ్నలు కావు."

ఆ రెండూ ఆవిడకి గుర్తున్నాయి. ఒకటి పిల్లవాడి మీద కాదు, పేజీ పెట్టినావిడ మీద రాసింది.

"అయితే నన్ను వాడుకున్నావు."

"అవునండీ." గొంతు తగ్గించి అంది చిన్నది, "మీరొక్కరే మండిపోయారనుకుంటున్నారేమో. ఆ తాళాల పిల్లని రెండు వారాలు బతిమాలాను. 'వివరంగా రాయి' అన్నాను. వివరంగా అంటే ఏమిటో నాకే తెలియదు. మీరు ఒక్క ముక్క అడిగారు, లోపలికి ముందు ఎవరు వెళ్తారని. ఆ పిల్ల ఆదివారం పూట వెళ్ళి చూసొచ్చి మరీ రాసింది. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. ఇంట్లో తలనొప్పని చెప్పి పడుకున్నాను. గుర్తుందా?"

గుర్తుంది. అమృతాంజనం రాసింది తనే. రాస్తూ, 'దీనికి కూడా తలనొప్పి వస్తుందన్నమాట' అని లోపల సంతోషించింది కూడా.

ఇప్పుడు మళ్ళీ సంతోషం వేసింది. నా మీద దీనికి అసూయ! ఆ మాట పటికబెల్లం ముక్కలా నాలుక కింద పెట్టుకుంది పెద్దావిడ. ఇలాంటివి ఇంత తియ్యగా ఉండటం దేవుడికి తెలిసే జరుగుతుందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వచ్చినా ఉమ్మెయ్యలేదు, చప్పరించింది.

"జరగండక్కయ్యా, పైన బట్టలున్నాయి," అని చిన్నది దాటుకుని వెళ్ళిపోయింది.

పెద్ద టీచరమ్మ మూడో మెట్టు మీద కూర్చుంది. ఇక దాచుకోవాల్సిన పని లేకపోయినా ఫోను ఒళ్ళోనే పెట్టుకుని తెరిచింది. తాళాల పిల్ల నుంచి ఒకటి వచ్చి ఉంది. 'తాతయ్యా, మమ్మల్ని ఇన్ని అడిగారు కదా. ఒకటి నేను అడుగుతాను. మీరు ఎక్కడ కూర్చుని చదువుతారు? చుట్టూ ఏముంటుంది? వివరంగా కాదు, నిజంగా.'

కథలగదిలో నియమం అందరికీ ఒకటే. అడిగితే జవాబు రాయాలి.

ఆవిడ రాసింది. 'నేను మెట్ల మీద కూర్చుంటాను. సాయంత్రం చదువుతాను. నేను తాతయ్యని కాను.' ఆగింది. మూడు లైన్లు. లెక్కపెట్టి, తనకే నవ్వొచ్చింది. నాలుగోది రావట్లేదు. ఇరవై రెండేళ్ళుగా పరాయి వాక్యాల మీద నడిచిన చెయ్యి సొంత వాక్యం దగ్గర మొరాయించింది. చేతికి ఎర్రపెన్ను కావాలనిపించింది, ఎవరి వాక్యమో ఒకటి దిద్దిపెట్టి లేచి వెళ్ళిపోవచ్చు. ఆ పిల్ల పది మాటల్లో ఎలా అడిగింది! వివరంగా కాదు, నిజంగా. అలా అడగడం తనకి ఇన్నేళ్ళలో తట్టలేదు. చూస్తూ చూస్తూ ఆ పిల్ల మీద కూడా మొదలైంది మంట.

మెల్లగా కొట్టింది: 'నా చేతిలో పెన్ను ఉండేది.'

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. చిన్న టీచరమ్మ ఆరిన బట్టల కుప్ప గడ్డం దాకా ఎత్తుకుని దిగుతోంది. పై మెట్టు మీద ఆగింది. అలవాటు కొద్దీ, "అక్కయ్యా, కొంచెం..." అనబోయింది.

"ఉండవే," అంది పెద్దావిడ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి. "చూడకు. ఇంకా పూర్తికాలేదు."

చిన్నది బట్టలతో సహా నాలుగో మెట్టు మీద కూలబడి, మొహం వీధి వైపు తిప్పుకుంది.